ఆయన పేరు పలకాల్సిన మనిషి

శనివారం ఉదయం ఎనిమిదిన్నరకి వంశీధర్ పంచె కట్టుకుని హాల్లోకి వచ్చేసరికి అన్నీ సిద్ధంగానే ఉన్నాయి. నువ్వులు, దర్భలు, చెంబులో నీళ్ళు, డైనింగ్ టేబుల్ మీద ప్రెషర్ కుక్కర్‌కి ఆనించిన ఐప్యాడ్. సిడ్నీలో ఉండే బ్రహ్మగారు అందులోంచే మంత్రం చెప్తారు. తిథి ప్రకారం తండ్రి ఎనిమిదో మాసికం మంగళవారమే అయిపోవాలి. మంగళవారం వంశీధర్‌కి ఊపిరి సలపనన్ని మీటింగులు. వీళ్ళుండే హారిసన్‌లో పితృదేవతలు కూడా వీకెండ్‌లోనే రావాలని ఈ ఇంట్లో మొదటి నెలలోనే తేలిపోయింది.

లేనిది ఒక్కటే. గోడ మీద ఉండాల్సిన ద్వారకానాథ్ గారి ఫోటో.

"అమృతా, నాన్న ఫోటో తుడవడానికి తీశావా?"

"నేను తియ్యలేదు. అత్తయ్యగారిని అడుగు" అంది అమృత వంటింట్లోంచి.

జ్ఞానప్రసూన ఉతికిన బట్టల బుట్ట మోసుకుంటూ వచ్చి, "చైనా వాళ్ళ హాల్లో ఉన్నారు" అంది. ఆయనేదో కూరగాయలకి వెళ్ళినంత మామూలుగా అంది.

చైనా వాళ్ళ హాలంటే రెండు వీధుల అవతల ఉన్న చైనీస్ సంఘం. వాళ్ళ పండగలకి చుట్టుపక్కల వాళ్ళందరినీ పిలుస్తారు. డిసెంబరు ఎండల్లో వాళ్ళ శీతాకాలం పండగ చేసుకుని, చెమటలు కక్కుతూ వేడి వేడి బియ్యప్పిండి ఉండలు తింటారు. ఫిబ్రవరిలో పిల్లల చేత కాగితం లాంతర్లు చేయిస్తారు. ఏడాది తిరిగేదాకా ఈ ఇంట్లో పండగల్లేవు. తెలుగు వాళ్ళ పేరంటాలకి జ్ఞానప్రసూన తనంతట తనే వెళ్ళడం మానేసింది. అందుకని ప్రతి బుధవారం ఆ హాలుకి వెళ్ళి కూచునేది. వాళ్ళకి తెలుగు రాదు, ఈవిడ ఇంగ్లీషు అంతంత మాత్రం. అక్కడ ఏం చేస్తున్నావని ఇంట్లో ఎవరూ అడగలేదు. అడిగే ఓపిక ఎవరికీ లేదు.

ఇది ఏప్రిల్. వాళ్ళకి పోయిన పెద్దల సమాధులు శుభ్రం చేసి, ఇష్టమైనవి వండి పెట్టే రోజులు. సమాధులు ఎక్కడో చైనాలో ఉండిపోయాయి కాబట్టి, హాల్లో పొడుగాటి బల్ల వేసి దాని మీద ఫోటోలు పెట్టుకుంటారు.

"నాన్న ఫోటో పట్టుకెళ్ళి వాళ్ళ తాతముత్తాతల మధ్య పెట్టావా?" అన్నాడు వంశీధర్.

"చోటుంది. పెట్టమన్నారు. పెట్టాను."

"ఇట్స్ ఆన్ దెయిర్ పేజ్, డాడ్" అంది పదకొండేళ్ళ తన్మయి ఫోన్ చూపిస్తూ. "తాతా ఈజ్ నెక్స్ట్ టు ఎ లేడీ ఇన్ ఎ బిగ్ హ్యాట్."

ఐప్యాడ్‌లో బ్రహ్మగారు దగ్గారు. "బాబూ, మొదలెడదామా? పదింటికి పెండిల్ హిల్‌లో గృహప్రవేశం ఉంది నాకు."

ఇరవై నిమిషాల్లో మాసికం అయిపోయింది. వంశీధర్ పంచె మార్చుకోకుండానే కారు తాళాలు తీశాడు.

"పద, వెళ్ళి తెచ్చేద్దాం. మనవాళ్ళెవరైనా ఆ పేజీ చూస్తే ఎంత అసహ్యంగా ఉంటుందమ్మా? తండ్రికి ఇంట్లో దిక్కు లేక అక్కడ పెట్టారనుకోరూ?"

"ఇప్పుడొద్దు. రెండింటికి వెళ్దాం, నువ్వూ రా" అంది జ్ఞానప్రసూన. బట్టలు మడతపెడుతూనే ఉంది. "రెండింటికి ఎవరి పెద్దల పేరు వాళ్ళు అందరి ముందూ పైకి చెప్పాలిట. నలభై మూడేళ్ళు కాపురం చేశాను, ఆయన పేరు ఏనాడూ నోటితో అనలేదు. ఇప్పుడు అనమన్నా నాకు రాదు. నువ్వొచ్చి అనాలి."

"ఇందాక మంత్రంలో అన్నాగా."

"బ్రహ్మగారు అంటే నువ్వన్నావు. ఒక కన్ను గడియారం మీద వేసి అన్నావు."

"ఏం చెయ్యమంటావు మరి? వారమంతా ఆఫీసు, శనివారం ఇది. మాసికం ఒక్కటైనా మానేశానా?"

"మానలేదు. నేనన్నది అది కాదు." ఆవిడ గొంతు పెంచలేదు. పెంచే శక్తి ఉన్నట్టు కూడా లేదు. "ఆయన పోయాక ఈ ఇంట్లో ఆయన మాట ఎవరైనా ఎత్తారా? నేనెత్తితే నువ్వు ఫోన్ పట్టుకుని బయటికి పోతావు. ఆ హాల్లో ఉండే లిన్ గారు, ముక్కూ మొహం తెలియని మనిషి, వెళ్ళిన మొదటి రోజే అడిగింది, మీ ఆయనకి ఏం తినడం ఇష్టమని. నువ్వు కన్నకొడుకువి."

"నాకు తెలుసు కాబట్టి అడగలేదు" అన్నాడు వంశీధర్. తాళాలు టేబుల్ మీద పెట్టేసి గదిలోకి వెళ్ళిపోయాడు.

అమృత తలుపు దగ్గర నిలబడి, "ఒక గంట పనే కదా వంశీ. వెళ్ళిరా" అంది. రెండు కావస్తుండగా అతను కారు తీశాడు.

హాల్లో ముప్పై మంది దాకా ఉన్నారు. బల్ల పొడుగునా ఫోటోలు, ప్రతి ఫోటో ముందూ ఒక చిన్న పళ్ళెం. టోపీ పెట్టుకున్న ముసలావిడ పక్కన ద్వారకానాథ్ గారు కొత్త కళ్ళజోడుతో నవ్వుతున్నారు. ఒక్కొక్కరూ ముందుకొచ్చి పేరు చెప్పి తప్పుకుంటున్నారు. తమ వంతు రాగానే జ్ఞానప్రసూన కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కొడుకు వంక చూసింది.

"ద్వారకానాథ్" అన్నాడు వంశీధర్. "నడింపల్లి ద్వారకానాథ్. మా నాన్న."

డెబ్బై దాటిన లిన్ గారు అతని చేతికి ఒక పళ్ళెం ఇచ్చింది. బియ్యప్పిండితో చేసిన ఆకుపచ్చ ఉండలు, లోపల తీపి పూర్ణం. మీ నాన్నగారికి తీపంటే ప్రాణమని మీ అమ్మగారు చెప్పారు, కొడుకే పెట్టాలి అంది ఇంగ్లీషులో. వంశీధర్ పళ్ళెం అందుకుని తల్లి వైపు తిరిగాడు.

"నేను పెట్టలేనమ్మా" అన్నాడు తెలుగులో.

"ఏరా?"

"పోయే ముందు రోజు సాయంత్రం పూతరేకు తీసుకున్నారు. నేను చేతిలోంచి లాక్కున్నాను. మీ షుగర్ రిపోర్ట్ చూసుకున్నారా, చిన్నపిల్లాడిలా ఏంటిది అని తన్మయి ముందే అరిచాను. ఏమీ అనకుండా చేతులు దులుపుకున్నారు. అదే ఆఖరు మాట. ఏ మొహం పెట్టుకుని ఆయన మాట ఎత్తను?"

జ్ఞానప్రసూన నోటికి అడ్డం పెట్టుకున్న కొంగు తీసింది.

"నువ్వు స్నానానికి వెళ్ళాక నేను పెట్టానురా. రెండు."

"ఏంటి?"

"రెండు పూతరేకులు పెట్టాను. తెల్లారేసరికి మనిషి లేరు. నేనే చంపుకున్నానేమో అని ఈ ఎనిమిది నెలలూ... నీతో ఎలా చెప్పను?"

"అమ్మా, దానివల్ల కాదు. గుండె వాల్వ్ పాడైపోయిందని డాక్టర్ రాసిచ్చాడు. షుగర్‌కీ దానికీ సంబంధం లేదన్నాడు. ఆ కాగితం నా దగ్గరే ఉంది."

"నాకు చెప్పలేదేం?"

ఒకే ఇంట్లో, గోడకి అటూ ఇటూ పడుకుని, ఇద్దరూ ఒకరికి కావలసిన మాట ఇంకొకరు దాచుకుని కూచున్నారు. వెనకాల తర్వాతి కుటుంబం ఎదురు చూస్తోంది. లిన్ గారు వాళ్ళని కాసేపు ఆగమని చేత్తో సైగ చేసింది.

"నిజంగా తిన్నారా?" అన్నాడు వంశీధర్. బొటబొటా కన్నీళ్ళు కారుతున్నాయి, తుడుచుకోలేదు.

"రెండూ తిన్నారు. వేళ్ళు కూడా నాకారు. ఇంకోటుందా ప్రసూనా అన్నారు. అయిపోయాయని అబద్ధం చెప్పాను."

వంశీధర్ పళ్ళెంలోంచి ఒకటి తీసి తండ్రి ముందు పెట్టాడు.