కండువా కింద ఇంటర్వ్యూ

మాధవరాజు చేతిలో ఉన్నవి నాలుగే. ఒక దొంగ బయోడేటా, కెమెరా దాచిన పెన్ను, సెల్‌ఫోను, రెండు గంటల టైము. ఎటు లెక్కేసినా చిన్న పెట్టుబడే.

2008 మార్చి. కాకినాడ లాడ్జిలో చీఫ్ సత్యప్రసాద్ బ్రీఫింగ్ రెండు నిమిషాల్లో ముగించాడు.

"జెట్‌పైసా. సెల్‌ఫోన్‌లో డబ్బు పంపే స్టార్టప్. వెనక విదేశీ ముఠా ఉంది. లక్షన్నర మంది రైతుల ఖాతాల పిన్ నంబర్లు మధ్యాహ్నం సరిగ్గా పన్నెండింటికి దేశం దాటుతాయి. రెయిడ్ చేస్తే ముందే బటన్ నొక్కేస్తారు. ఇంటర్వ్యూకి వెళ్లి లోపల్నుంచి ఆపు."

"లోపల మనవాళ్లెవరైనా ఉన్నారాండి?"

"హెచ్.ఆర్. మేనేజర్ శ్రీసత్య. మనమే పెట్టాం. మూడు నెలలుగా ఉలుకూ పలుకూ లేదు. అమ్ముడుపోయిందో, ఇరుక్కుపోయిందో తెలీదు. సర్వర్ గది తలుపు తెరిచే నంబరు ఆమెకు తెలుసు. కోడ్ వర్డ్ అమృతపాణి."

రావులపాలెం అరటిగెలల వ్యాపారి వేషంలో, భుజాన కండువాతో మాధవరాజు నాలుగో అంతస్తులోని జెట్‌పైసా ఆఫీసు చేరేసరికి పదిన్నర. ఫీల్డ్ హెడ్ పోస్టుకి పల్లెల్లో పలుకుబడి ఉన్న వ్యాపారులనే తీసుకుంటున్నారు. సీఈఓ ప్రవీణ్ నవ్వుతూనే ఫోన్, పెన్ను ట్రేలో వేయించుకున్నాడు. అద్దాల గది తలుపు టక్కున లాక్ పడింది. మూలన కెమెరా.

"ఐదు రౌండ్లండి రాజుగారూ. ఆఫర్‌కి ఒప్పుకునేదాకా బయటికి పంపం. అది మా కల్చర్."

"ఒప్పుకోకపోతే అండి?"

"అలాంటోళ్లు ఇంతవరకూ లేరండి."

ఏసీ చలికి మాధవరాజు కండువా దగ్గరికి లాక్కున్నాడు. పెట్టుబడిలో సగం అప్పుడే పోయింది.

"రోజుకి పద్దెనిమిది గంటలు చేయగలరా?"

"గెలలు కోసే రోజుల్లో అంతేనండి. అప్పుడు ఏసీ కూడా ఉండదు."

నాలుగు రౌండ్లు అయ్యేసరికి పదకొండూ నలభై. ఐదో రౌండుకి శ్రీసత్య వచ్చింది. నీలం పట్టుచీర, ఎర్రటి పెదాలు, బెదరని చూపు.

"ఏ రకం కాయండి మీది?"

"అమృతపాణి."

ఆమె కనురెప్ప కూడా కదల్లేదు.

"జీతం ఎంత కావాలి?" అన్నాడు ప్రవీణ్.

"నోటితో చెప్పే అలవాటు లేదండి. మా నాన్న పశువుల సంతలో బేరగాడు. మా ఇంట్లో ఏ బేరమైనా కండువా కింద, వేళ్లతోనే."

"మా ఊరి సంతలోనూ అంతేనండి," అంది శ్రీసత్య.

ప్రవీణ్ పగలబడి నవ్వాడు. "అయితే మీరే కానివ్వండి. వీడియో తీసి ఇన్వెస్టర్లకి పంపుదాం!"

కండువా కింద ఆమె చెయ్యి చల్లగా తగిలింది. నాలుగు వేళ్లు పట్టుకుంది. తర్వాత రెండు. అక్కడ చెయ్యి పూర్తిగా వదిలేసింది. క్షణం ఆగి మూడు వేళ్లు పట్టుకుంది.

"నలభై వేలకి తెగిందండి," అంది పైకి.

"సూపర్! సెలెక్టయిన నిమిషం నుంచే మా దగ్గర డ్యూటీ." ప్రవీణ్ అప్పటికప్పుడు లెటర్ ఇచ్చి, మెళ్లో బ్యాడ్జి వేశాడు. "బిల్డింగ్ దాటడం మాత్రం ఆరింటికే."

బ్యాడ్జికి గది తలుపు తెరుచుకుంది. బాత్‌రూమ్ అని చెప్పి మాధవరాజు వరండా చివర ఉన్న సర్వర్ గది చేరాడు. పదకొండూ యాభై ఎనిమిది. తలుపు పక్కన నంబర్ల ప్యాడ్. నాలుగు అంకెలు కావాలి. ఒక్కటి తప్పినా అలారం మోగుతుంది. అతని దగ్గర ఉన్నవి మూడు.

సంతలో చెయ్యి వదిలేస్తే బేరం చెడిందని అర్థం. అంటే తనను ముఠాకి అమ్మేసిందా?

మాధవరాజు లెక్క మళ్లీ మొదటినుంచి వేశాడు. బేరం చెడినవాళ్లు మళ్లీ వేళ్లు పట్టుకోరు. పైగా సంతలో సున్నాకి వేలు లేదు, ఊరికే ఇచ్చేవాడు అక్కడికి రాడు కాబట్టి. ఆమె సున్నా ఎలా చెబుతుంది? ఖాళీ చేత్తో.

4, 2, 0, 3.

ఆకుపచ్చ లైటు. లోపల తెరమీద ఇంకా ఇరవై సెకన్లు. బయటికి పోయే నల్ల కేబుల్ ఒక్కటే. గోడకి కాలు తన్నిపెట్టి లాగాడు. మూడు సెకన్ల దగ్గర తెరమీద 'కనెక్షన్ లేదు' అని పడింది.

"చేతులెత్తు!" గుమ్మంలో ప్రవీణ్. చేతిలో పిస్తోలు.

వెనకనుంచి బరువైన స్టేప్లర్ అతని మణికట్టు మీద పడింది. కింద పడిన పిస్తోలు శ్రీసత్య చేతిలోకి వచ్చింది.

"మీకు ఎగ్జిట్ ఇంటర్వ్యూ ఉందండి ప్రవీణ్ గారూ. కూర్చోండి." తర్వాత మాధవరాజు వైపు తిరిగింది. "మూడు నెలలు నిద్ర కూడా కెమెరా కిందేనండి. ఇంకాస్త ముందు రావాల్సింది."

సాయంత్రానికి చీఫ్ లెక్క తేల్చాడు. దక్కినవి లక్షన్నర ఖాతాలు, ఒక ముఠా, ప్రాణాలతో ఒక ఏజెంటు. మాధవరాజు సొంతానికి మిగిలింది నలభై వేల అపాయింట్‌మెంట్ లెటర్. పదహారేళ్ల సర్వీసులో డిపార్ట్‌మెంటు ఏనాడూ అంత జీతం ఇవ్వలేదు. ఇస్తానన్న ఒక్క కంపెనీనీ అతనే పావుగంటలో మూయించాడు.