డప్పు లేని ఎనిమిది పాటలు

2089లో విశాఖపట్నంలో ఎవరి చెవినా చెడ్డమాట పడేది కాదు. పడనిస్తేగా! చెవిలో బియ్యపుగింజంత ఉండే ‘శ్రుతిరంజని’ అనే న్యూరల్ ఫిల్టర్, మెదడుకి ఏది ఇష్టమో కనిపెట్టి, పాటనైనా మాటనైనా ఆ ఇష్టానికి తగ్గట్టు మార్చి వినిపించేది. పక్కింటావిడ దుమ్మెత్తిపోస్తున్నా క్షేమసమాచారం అడుగుతున్నట్టే ఉండేది. కాపురాలు చల్లగా సాగిపోయాయి, కోర్టులు ఖాళీ అయిపోయాయి.

గాయని వైజయంతి కొంప ముంచింది కూడా అదే.

‘ఉప్పుగాలి’ బ్యాండంటే ఆమెకి చిన్నప్పట్నుంచీ ప్రాణం. జాలారిపేటలో చేపలుపట్టే కుర్రాళ్ళు ముగ్గురు, పాడే పిల్ల ఎస్తేరు. డప్పు మోగిందంటే ఊరు ఊరంతా ఊగిపోయేది. కుర్రాళ్ళు ముగ్గురూ ఒకే తుఫానులో పోయారు. వాళ్ళ పాటలు ఎనిమిదింటినీ వైజయంతి ఇప్పుడు నివాళి ఆల్బమ్‌గా చేసింది. మూడేళ్ళపాటు ఫిల్టర్ తీసేసి స్టూడియోలో కూర్చుని, డప్పు మొత్తం తీసేసి, ఒక్క వయొలిన్ తోడుగా, ఏడుపు రానివాళ్ళు పాడుకున్నట్టు నెమ్మదిగా పాడింది.

లక్షలమంది విన్నారు. “అబ్బ, ఆ డప్పు ఉంది చూశారూ! అచ్చం పాత పాటే!” అని అందరూ ఒకటే రాయడం.

శ్రుతిరంజని తయారుచేసిన ఇంజినీరు చలమేశ్వర్ దగ్గరికే వెళ్ళింది వైజయంతి. ల్యాబు గుమ్మంలోనే ఆమె ఫిల్టర్ తీయించేశారు. అక్కడ పనిచేసేవాళ్ళెవరూ అది పెట్టుకోరు మరి.

“నా పాటలో డప్పెక్కడుందండీ?” అని అడిగింది.

“వాళ్ళ జ్ఞాపకంలో ఉందమ్మా. తెలిసిన పాట తగిలితే, ఫిల్టర్ వాళ్ళకి నచ్చిన పాతదాన్నే పైన పరిచేస్తుంది. మీ పాట ఇంకా ఎవరూ వినలేదు,” అన్నాడాయన టీ ఊదుకుంటూ.

వైజయంతికి కోపం రాలేదు, ఏడుపూ రాలేదు. ఫిల్టర్ మళ్ళీ చెవిలో పెట్టుకుని వీధిలోకి వచ్చింది. ఒక్క మనిషి వింటే చాలు, బాగుందో లేదో ఉన్నదున్నట్టు చెబితే చాలు అనుకుంది. తిన్నగా, బ్యాండులో మిగిలిన ఎస్తేరు ఇంటికి నడిచింది.

ఎనభై రెండేళ్ళ ఎస్తేరు అరుగు మీద ఎండుచేపలు ఏరుతోంది.

“చెవిలోది తీసి ఒక్కసారి నా పాటలు వినరా అమ్మా?” అని బతిమాలింది వైజయంతి.

ముసలమ్మ కొంగుతో చేతులు తుడుచుకుని, గింజ తీసి గూట్లో పెట్టింది. ఎనిమిది పాటలూ కదలకుండా వింది. ఆఖరిది అయ్యాక తల అడ్డంగా ఊపుతూ, వేలు చూపిస్తూ, ఆగకుండా చాలాసేపు మాట్లాడింది. కళ్ళనీళ్ళు బుగ్గల మీదికి జారాయి.

“సల్లగుండమ్మా. మావోల్లు లేసొచ్చి పాడినట్టుందే,” అని వినిపించింది వైజయంతికి.

హమ్మయ్య అనుకుంది. అంతలోనే, అంతసేపు మాట్లాడితే ఇంతే వినపడిందేమిటా అని తట్టింది. తన చెవిలోది తను తీయనేలేదు!

“మళ్ళీ ఒక్కసారి చెప్పండమ్మా,” అంటూ చెవి దాకా చెయ్యి తీసుకెళ్ళింది.

ఎస్తేరు మళ్ళీ మొదట్నుంచీ అందుకుంది.

వైజయంతి చెవి పక్కన జుట్టు సర్దుకుని చెయ్యి దించేసింది. ఆ దీవెనే ఇంకోసారి విని, దణ్ణం పెట్టి వచ్చేసింది.