వెనక గదిలో బంగారు ఉంగరం

మా పిన్ని పనిచేసే పురావస్తు ఆఫీసులో వెనక గది ఒకటుంది. పొద్దుగూకాక అటు ఎవరూ పోరు. తవ్వకాల్లో దొరికిన అస్థిపంజరాలు ఆ గదిలోనే ఉంటాయి మరి, పెట్టెల్లో! ఓ డ్రైవరు అక్కడ ఎవరో దగ్గడం విన్నాడట. మర్నాడే బదిలీ చేయించుకున్నాడు. నేను నమ్మను గానీ, పిన్ని చెప్పింది చెప్పినట్టు చెప్తాను. మధ్యలో నవ్వారో, ఆపేస్తా.

మట్టిలోంచి తీసిన వస్తువుల్ని మెత్తటి బ్రష్‌తో శుభ్రం చేసి దాచడం పిన్ని పని. ఆ వారమే ఓ బంగారు ఉంగరం దొరికింది. రెండు వేల ఏళ్ళ నాటిది. దాన్ని తీసుకున్నట్టు సంతకం పెట్టింది పిన్నే. మర్నాడు పొద్దున్నే పై అధికారులొచ్చి చూస్తారు.

సాయంత్రం ఇంటికి బయల్దేరుతూ ఎందుకో పెట్టె తెరిచింది... దూది ఉంది. ఉంగరం లేదు!

బల్లలన్నీ వెతికింది, చెత్తబుట్ట బోర్లించింది. ఉద్యోగం పోవడం ఒకెత్తు, దొంగ అన్న పేరు ఇంకొకెత్తు. "అయిపోయాను రా దేవుడా!" అని కూలబడి ఏడ్చింది. ఈలోగా చీకటి పడిపోయింది. ఇంక వెతకనిది వెనక గది ఒక్కటే.

ఫోను లైటు వేసుకుని వెళ్ళింది. తలుపు ఓరగా తీసి ఉంది. లోపల నీళ్ళ చప్పుడు... టప్... టప్...

ఆ తర్వాత గుసగుస.

"వచ్చెయ్... వచ్చెయ్ తల్లీ..."

పిన్ని తలుపు పట్టుకుని ఆగిపోయింది. తననే పిలుస్తోంది!

"పట్టుకుంటే వదలవా?... ఈ ఎముక ఒక్కటి దాటిందంటే... అంతే..."

ఏ ఎముక? ఎవరి ఎముక? పారిపోదామనుకుంది. కానీ ఉంగరం లేకుండా ఎక్కడికని పారిపోతుంది పాపం? ఆ ఉంగరం గలావిడే పెట్టెలోంచి లేచొచ్చి తీసుకుందని ఖాయం చేసుకుంది. కళ్ళు గట్టిగా మూసుకుని, తలుపు ఒక్క తోపు తోసి, దణ్ణం పెట్టేసింది.

"అమ్మా, నీ ఉంగరం నువ్వే ఉంచుకో! తీసుకున్నట్టు ఒక్క సంతకం పెట్టిపో, నా ఉద్యోగం నిలబడుతుంది!"

లోపల నీళ్ళ చప్పుడు ఆగింది.

"అరవకమ్మా! ఎవరైనా వింటారు."

పిన్ని కళ్ళు తెరిచింది. తవ్వకాల్లో దొరికిన కుండ పెంకులు కడిగే సింకు దగ్గర, మోచేతి దాకా సబ్బు నురగతో — పెద్దసారు! ఆఫీసు మొత్తానికీ అధికారి! కుడిచేతి వేలు వంకాయలా వాచిపోయి ఉంది. దాని మీద ఉంగరం తళతళా మెరుస్తోంది.

"ఊరికే... సరిపోతుందేమోనని పెట్టి చూశాను," అన్నాడాయన ఏడుపుగొంతుతో. "లైటు వేస్తే ఎవరైనా చూస్తారని... ఇక్కడికైతే ఎవరూ రారు కదా అని..."

పిన్నికి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తను దొంగ కాదు. ఆ మాట తల్చుకోగానే ప్రాణం లేచొచ్చింది. బ్యాగు భుజాన తగిలించుకుని గుమ్మం దాకా వెళ్ళి, వెనక్కి తిరిగింది.

"ఇంక నాకే బెంగా లేదు సార్. పొద్దున్న వాళ్ళు రాగానే మీరే ఎదురెళ్ళి చెయ్యి కలపండి!"