నాలుగో లెహేన్

పొద్దున్నే హనోరా రొట్టెల పిండి మీద కసి తీర్చుకుంటోంది. మొగుడు టేడ్ లెహేన్ లోపలి గదిలో శవపేటికలో ఉన్నాడు. అయితే మాత్రం? చూడవచ్చినవాళ్ళకు రొట్టె, టీ పెట్టకపోతే ఈ కెర్రీ కొండల్లో తరతరాలు చెప్పుకుంటారు.

"అంతలా పిసికితే రొట్టె రాయవుతుందే అమ్మా!" అంది కూతురు ఆబీ.

"కానీ. మీ పెద్దన్న వస్తే నెత్తిన వెయ్యడానికి పనికొస్తుంది."

పెద్దవాడు కాన్, రెండోవాడు ఫ్లారీ. ఇద్దరూ ఒకే గుంటలో పడుకుని ఇంగ్లీషువాడి మీద తుపాకులు పేల్చినవాళ్ళే. ఇంగ్లీషువాడు పోతూ పోతూ, సగం స్వాతంత్ర్యమిచ్చి తన రాజుకు విధేయంగా ఉండమనే ఒక ఒప్పందం పారేసి పోయాడు. ఇచ్చినంత పుచ్చుకుందామని కాన్ కొత్త ప్రభుత్వపు సైన్యంలో చేరి పచ్చకోటు తొడిగాడు. రాజు పేరున ప్రమాణం చేసే ప్రసక్తే లేదని ఫ్లారీ తుపాకీతో కొండల్లోకి పోయాడు. ఆ చలికాలం తుపాకీతో దొరికినవాణ్ణి పచ్చకోట్లు గోడకు నిలబెట్టి కాల్చేస్తున్నారు.

నెల కిందట వాళ్ళు ఫ్లారీ కోసం ఇల్లు సోదా చేస్తూ, దగ్గుతో ఉన్న ముసలి టేడ్‌ను వానలో నిలబెట్టారు. ఆ చలే ఛాతీలోకి దిగి ప్రాణం తీసింది. ఆ సోదాలో కాన్ లేడు. ఉన్నా లేకున్నా హనోరాకు కోటు కోటే.

మరిది జెర్ తన కొడుకు బాట్‌ను వెంటబెట్టుకుని వచ్చాడు. వంటింటి నిండా ఇరుగుపొరుగు.

"వదినా, మోసేదెవరు? పోయినవాడి ఇంటిపేరువాళ్ళు నలుగురు ఎత్తితేగానీ పెట్టె గడప దాటకూడదు. నలుగురు లెహేన్లు లేకపోతే నేనసలు ఇల్లు కదలనని అన్న నవ్వుతూ అనేవాడు. దేశం వదిలి ఓడలెక్కి పోయినవాళ్ళు పోగా మిగిలింది నేను, బాట్, నీ కొడుకులిద్దరూ."

హనోరా పిండిని ఇంకోసారి బాదింది. అప్పుడే వాకిట్లో బూట్ల చప్పుడైంది. కాన్ టోపీ చేతబట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అతని వెనక, దూరంగా వంతెన మీద ఇద్దరు సిపాయిలు కనిపిస్తున్నారు.

"గడప దాటావో, కాళ్ళు విరగ్గొడతా!" అని అరిచింది.

"అయ్యను మొయ్యడానికొచ్చానమ్మా."

"చంపేదీ మీరే, మోసేదీ మీరేనా? ఆ కోటు నా ఇంట్లోకి రాదు."

"విప్పి వస్తే దొంగలా వచ్చానంటావు. వేసుకొస్తే హంతకుణ్ణంటావు. ఎలా రమ్మంటావు చెప్పు?"

"అసలు రావద్దంటాను! వంతెన దగ్గర ఆ ఇద్దరు సిపాయిల్నీ ఎందుకు నిలబెట్టావురా? తోడబుట్టినవాణ్ణి పట్టడానికేగా? కడుపున చెడబుట్టావు!"

కాన్ ముఖం నల్లబడింది. వంటింట్లో అందరి కళ్ళూ అతని మీదే. "ఒంటరిగా పంపరమ్మా నన్ను. వాళ్ళను రోడ్డు వైపు చూస్తుండమన్నాను," అని మాత్రం అన్నాడు.

"నమ్మాను లే!"

"మీ తగువు తర్వాత!" జెర్ విసుక్కున్నాడు. "చర్చిలో ఫాదర్ ఎదురుచూస్తున్నాడు. ఫ్లారీ ఏడీ?"

ఆబీ ఇక ఉండబట్టలేకపోయింది. "రాడు బాబాయ్. వస్తానన్నవాణ్ణి అమ్మే రావద్దంది. కాన్ అన్న ఉచ్చు పన్నుతాడని నిన్నే నా చేత కబురు పంపింది."

"ఎంత పని చేశావు వదినా!"

"చచ్చినవాడి పరువు కోసం బతికున్నవాణ్ణి చంపుకోమంటావా?" అందిగానీ, లోపలి గది వైపు చూడలేకపోయింది. టేడ్ కోరికను ఆమే చేతులారా పాడుచేసింది.

"పోనీ, పక్కింటి సలివాన్ల కుర్రాణ్ణి పిలవనా?" అన్నాడు జెర్.

"పరాయి ఇంటిపేరువాడు ఆయన పెట్టె కిందికి రాకూడదు." హనోరా చేతులకంటిన పిండి దులుపుకుంది. "నేను మొయ్యనూ? కొండ అవతలి లెహేన్ల ఆడపడుచుని. పుట్టిందీ మెట్టిందీ ఒకే పేరులో."

"ఆడదానివి మొయ్యడమేంటి వదినా!"

"ఇంగ్లీషువాడి కాలంలో గుడ్ల బుట్టలో మీ తుపాకులు మోస్తే ఆడదాన్నని గుర్తు రాలేదేం?"

జెర్ బాట్‌ను వెంటబెట్టుకుని లోపలి గదిలోకి నడిచాడు.

తండ్రీకొడుకులు పెట్టెను వెనక పట్టారు. నలుగురు కావాలి గనక హనోరా కాన్‌ను లోపలికి రానిచ్చింది; ముందు ఆమెకు మిగిలింది వాడి పక్కనే. మోసేవాళ్ళు ఒకరి భుజం మీదుగా ఒకరు చెయ్యి వేసి బిగించి పట్టుకోవాలి. లేదంటే పెట్టె జారుతుంది. హనోరా చెయ్యి గాల్లోనే ఆగిపోయింది.

"పట్టుకో అమ్మా. లేకపోతే అయ్య పడిపోతాడు."

"నీ కోసం కాదు," అని పచ్చకోటు మీద చెయ్యి వేసింది. తడిసిన కోటు. దాని కింద ఎముకలు చేతికి తగిలాయి. తల్లి భుజానికి అందేలా వాడు మోకాళ్ళు వంచి నడుస్తున్నాడు. బరువంతా వాడి మీదే ఉంది.

వాకిలి దాటగానే కాన్ గుసగుసగా అన్నాడు: "అమ్మా, తలెత్తకు. ఎడమ గుట్ట మీద, ముళ్ళపొద వెనక ఫ్లారీ ఉన్నాడు. టోపీ తీసి మోకాళ్ళ మీద ఉన్నాడు. నేనొచ్చేటప్పుడే చూశాను."

హనోరా చూపును నేరుగా ముందుకే నిలిపింది. ఎదురుగా వంతెన మీద సిపాయిలిద్దరూ గుట్టకు వీపు పెట్టి, రోడ్డు వైపు చూస్తూ సిగరెట్లు కాలుస్తున్నారు. వాళ్ళను అలా నిలబెట్టినవాణ్ణే కడుపున చెడబుట్టావంది. ఫ్లారీని చూడాలని ప్రాణం కొట్టుకుంటున్నా గుట్ట వైపు తలెత్తలేదు. కన్నీళ్ళు ధారగా కారిపోతుంటే తుడుచుకోవడానికి చెయ్యి ఖాళీ లేదు.

"పొద్దున్న ఏమైనా తిన్నావురా?" అంది హనోరా.

"లేదు."

"రొట్టె రాయిలా వచ్చింది. అయినా తిని పో. సగం ఆబీ చేత గుట్ట మీదికి పంపుతా."

"మా సిపాయిల లారీ వెళ్ళిపోయాక పంపమ్మా," అన్నాడు కాన్.

ఆమె వాడి భుజాన్ని ఇంకా గట్టిగా పట్టుకుంది.