చక్రం కింద పాపికొండ

దొరబాబు చేసిన తప్పు కోనసీమలో పుట్టినవాడే చేయగలడు. పాపికొండలు నేషనల్ పార్కు అయిన మరుసటి ఏడాది సంగతిది. కొత్తపేటలో తాతబ్బాయిగారి తోట దగ్గర కొబ్బరికాయలు లోడు చేయిస్తుంటే లారీ వెనక్కి జారింది. ఎంత వెతికినా మట్టే తప్ప రాయి దొరికే నేల కాదది. తాతబ్బాయిగారి అరుగు మీద మాత్రం కొబ్బరికాయంత రాయి ఒకటి కనిపించింది. సంబరంగా తెచ్చి చక్రానికి అడ్డు పెట్టాడు. సాయంత్రం లారీ వెళ్లిపోయింది. రాయి సంగతి అతను మరిచిపోయాడు.

మర్నాడు అతని కొబ్బరి కొట్టు ముందు ఒక స్కూటీ ఆగింది.

"దొరబాబంటే మీరేనా అండీ?"

"ఆయ్."

"నా రాయేదండీ?"

తాతబ్బాయిగారమ్మాయి వీరవేణి విశాఖపట్నంలో ఎమ్మెస్సీ జియాలజీ చదువుతోందని వినడమే గాని, దొరబాబు ఆమెను చూడడం అదే మొదలు. చూశాక అతను లెక్కపెడుతున్న కాయల లెక్క తప్పింది.

"లారీ చక్రం కింద పెట్టేనండీ," అన్నాడు మెల్లిగా.

"పాపికొండల రాయండీ అది! పర్మిషన్ తీసుకుని తెచ్చుకున్నాను. ఇంకోటి తెస్తానంటే ఫారెస్టువాళ్లు ఒప్పుకోరు. సోమవారం వైవా. ఆ రాయి చూపించకపోతే ఏడాది పోయినట్టే!"

"ఎలా ఉంటదండీ?"

"చారలు చారలుగా ఉంటుంది. మధ్యలో దానిమ్మ గింజల్లాగా ఎర్రగా గార్నెట్లు. పైన మార్కరుతో గీసిన బాణం." చెబుతూనే ఆమె కొట్టు ముందు నేలంతా కళ్లతో వెతికింది. దొరబాబుకు తన మీద తనకే కోపం వచ్చింది. కొట్టు మూసేశాడు.

దారిలో రాయి పడి ఉంటే కోనసీమలో ఎవరూ వదలరు. ఇద్దరూ ఇల్లిల్లూ అడిగారు. చివరికది వీరాయమ్మగారి ఆవకాయ జాడీ మూత మీద దొరికింది.

"జాడీ మీద పెట్టేది కదాని పీచుతో బరబరా తోమేను బాబూ. ఏదో నల్ల మరక, ఓ పట్టాన వదల్లేదు," అంది ఆవిడ గర్వంగా.

బాణం పోయింది.

వీరవేణి అరుగు మీద కూలబడింది. "కొండలో ఇది ఎటు తిరిగి ఉందో, పొరలు ఎటు వాలి ఉన్నాయో ఆ బాణమే చెప్పాలండీ. అది లేకపోతే ఇది ఉత్త రాయి."

దొరబాబు తల గోక్కున్నాడు. "కొట్టిన చోటు గుర్తుందా అండీ? ఆ గుంటలోనే మళ్లీ పెట్టి చూస్తే తెలిసిపోదా?"

వీరవేణి తలెత్తి అతన్ని నిదానంగా చూసింది. రాయి ఒళ్లోకి తీసుకుని లేచి నిలబడింది.

శనివారం ముగ్గురూ లాంచీ ఎక్కారు. మూడో మనిషి తాతబ్బాయిగారు. పిల్లకి తోడని పైకి అన్నారు గాని, పాపికొండలు చూడాలని ఆయనకు ఎప్పట్నుంచో ఉంది. రెండు వైపులా కొండలు దగ్గరకొచ్చి గోదారిని ఇరుకు చేసేసరికి ఆయన కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు.

కొబ్బరిచెట్టు చిటికెలో ఎక్కే దొరబాబు కొండవాలులో నాలుగడుగులకే గడ్డిపోచలు పట్టుకున్నాడు. వీరవేణి నవ్వు ఆపుకోలేకపోయింది. పైన రాయి దాని గుంటలో సరిగ్గా కూర్చుంది. ఆమె దిక్సూచి పెట్టి బాణం మళ్లీ గీసింది. దొరబాబు అప్పటికి ఊపిరి పీల్చుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో చినుకులు మొదలయ్యాయి.

"ఈ రాయి మొదట ఏంటో తెలుసా అండీ? బురద. సముద్రం అడుగున పేరుకుని, భూమి లోపల ఉడికి కొండయింది. ఇప్పుడు అరిగి అరిగి గోదాట్లో పడి మన తోటల్లోకి వస్తోంది."

"ఎన్నాళ్లు పట్టిందేంటండీ?"

"వంద కోట్ల ఏళ్ల పైమాటే."

దొరబాబు గుండె చిక్కబట్టుకున్నాడు. "నేను అంతకాలం ఆగలేనండీ. మీరంటే నాకిష్టం. మీ చదువయ్యేదాకా అయితే ఆగుతాను."

వీరవేణి చెంపలు ఎర్రబడ్డాయి. "చదువయ్యేక ఉద్యోగమండీ. కొండలెంబడి తిరగాలి. వస్తారా?"

"పడిపోకుండా పట్టుకుంటే వస్తానండీ."

ఆమె అతని చేయి పట్టుకుంది. వెనక నుంచి దగ్గు వినిపించింది.

"అబ్బాయ్, రేపు మీ నాన్నగారిని ఓసారి మా ఇంటికి రమ్మను," అన్నారు తాతబ్బాయిగారు.

"రేపొద్దు నాన్నా. ఎల్లుండి వైవా, నేను చదువుకోవాలి," అంది వీరవేణి, చేయి వదలకుండానే.