లాండ్రీ గదిలో నాన్న

శనివారం ఉదయం ఎనిమిది కాకముందే వెర్లీన్ చిలగడదుంప కేకు ఓవెన్‌లోంచి తీసి కిటికీ దగ్గర పెట్టింది. మంచి కప్పులు కడిగి తుడిచింది. ముందు గది గోడ మీద భర్త ఫోటో తీసి సొరుగులో పడేసింది.

"నన్ను తీసేశావు సరే, ఆ మేకు కూడా పీకాల్సింది," అన్నాడు వెనక నుంచి క్లిఫ్టన్.

"ఎగతాళి ఆపు. పదింటికల్లా యూనివర్సిటీ కోచ్ వచ్చేస్తాడు."

ఏడేళ్ళు జైల్లో ఉండి మార్చిలో ఇంటికొచ్చాడు క్లిఫ్టన్. పెరోల్ వాళ్ళు ఎక్కడున్నాడో కనిపెట్టే ఎలక్ట్రానిక్ పట్టీ కాలికి కట్టారు. పనికి వెళ్ళే వేళల్లో తప్ప గడప దాటితే మళ్ళీ జైలుకే. అందుకే అతన్ని బయటికి పంపే వీలు లేక, వెర్లీన్ లాండ్రీ గదిలో కుర్చీ వేసింది.

"చర్చిలో మెర్నా చెప్పింది. జిమ్‌లో కోచ్‌లు ముందు పిల్లల బాస్కెట్‌బాల్ ఆట చూస్తారట, ఇంటికొచ్చి కుటుంబాన్ని చూస్తారట. ఇలాంటి జైలు సంగతి తెలిస్తే గుమ్మంలోంచే వెనక్కి పోతారట," అంది వెర్లీన్. స్కూలు బస్సు నడిపే జీతంతో కూతుర్ని యూనివర్సిటీకి పంపడం ఆమె వల్ల కాదు. ఈ కోచ్ సరేనంటే నాలుగేళ్ళ చదువూ ఉచితం.

"నాన్న ఎందుకమ్మా దాక్కోడం?" అంది షవోన్, దెబ్బ తగిలిన మోకాలికి గుడ్డ పట్టీ చుట్టుకుంటూ.

"నోర్ముయ్. ఆ మోకాలు కూడా కనపడనివ్వకు."

"పోనీలేవే తల్లీ," నవ్వాడు క్లిఫ్టన్. "జైల్లో నేనున్న గది కంటే మీ అమ్మ లాండ్రీ గదే విశాలం." కూతురు మాత్రం నవ్వలేదు.

కోచ్ ప్రూయిట్ సరిగ్గా పదింటికి వచ్చాడు. నెరిసిన జుట్టు, మెత్తని గొంతు. కేకు ముట్టుకోలేదు, ఆట మాట ఎత్తలేదు. ఆయన చూపు ఒకసారి గోడ మీది మేకు దగ్గర ఆగింది.

"ఇంట్లో నిర్ణయాలు ఎవరివండీ?"

"అన్నీ నేనేనండీ. వాళ్ళ నాన్న మాతో లేడు."

"మంచిది. మేనమామలు? చుట్టాల్లో లాయర్లు, టీచర్లు ఎవరైనా?"

"లేరండీ."

"స్కూల్లో ఏదైనా గొడవైతే ఎవరొచ్చి మాట్లాడతారు?"

"నాకు సెలవు దొరకదండీ. తనే సర్దుకుపోతుంది."

"చాలా మంచిది," అని రాసుకున్నాడు. ఆయన మంచిది అన్నప్పుడల్లా వెర్లీన్‌కి ఎందుకో ఆ మాట అతకనట్టు అనిపిస్తోంది. జవాబులు సరిగ్గానే చెబుతున్నాను కదా అనుకుంది.

అప్పుడే లోపల్నుంచి కీచుమని చప్పుడు. ఆగి, మళ్ళీ.

"వాషింగ్ మెషీనండీ," అంది తడబడుతూ.

"కాదులెండి. కాలి పట్టీ. చార్జింగ్ అయిపోతే అలాగే కూస్తుంది. ఎన్ని ఇళ్ళలో వినలేదు!"

వెర్లీన్ లేచి నిలబడింది. "అయ్యా, ఆయన మారాడు, మా పిల్లని..."

"భయపడకండి, నేనేం వెళ్ళిపోవడం లేదు." ఇప్పుడు కేకు ముక్క తీసుకున్నాడాయన. "నిజానికి ఇలాంటి ఇళ్ళే వెతుక్కుంటాను. డాక్టర్ల పిల్లల్ని ఒక్క ఆట పక్కన కూర్చోబెడితే సాయంత్రానికి తండ్రి ఫోను. మీలాంటి ఇళ్ళ పిల్లలకి వెనక్కి తిరిగే దారి ఉండదు, నోరెత్తరు. పోయినేడాది ఒక అమ్మాయి విరిగిన వేలితో నెల రోజులు ఆడింది. ఒక్కరికీ చెప్పలేదు. కేకు చాలా బాగుందండీ."

ఒప్పంద కాగితం ముందుకి జరిపి, దాని మీద పెన్ను పెట్టాడు.

పక్కన కూర్చున్న షవోన్ చెయ్యి బల్ల కింద మోకాలి మీదకి పోవడం వెర్లీన్ చూసింది. ఇంట్లో మచ్చ కనపడకూడదని తను పొద్దున్నుంచీ తంటాలు పడింది. ఈయన చూడ్డానికొచ్చింది పిల్ల వెనక ఎవరూ లేరు కదా అని. ఆ ఫోటో తన చేత్తోనే తీసేసింది. సిగ్గుతో కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమయ్యా, బయటికి రా!" అని గట్టిగా పిలిచింది.

క్లిఫ్టన్ వచ్చాడు. చొక్కాకి బట్టల పీచు అంటుకుని ఉంది. కాలి పట్టీ కూస్తూనే ఉంది. నెమ్మదిగా కోచ్ ఎదురుగా కూర్చున్నాడు.

"అన్నీ విన్నాను సార్. ఆ వేలు విరిగిన పిల్ల పేరేంటి?"

కోచ్ నోరు తెరిచాడు. పైకప్పు వైపు చూశాడు. పేరు గుర్తుకు రాలేదు.

"మీరు ఆలోచించుకోండి," అని కాగితం మడిచి జేబులో పెట్టుకుని లేచాడు. బయట కారు కదిలిన చప్పుడయ్యాక షవోన్ బావురుమంది.

"పోయిందమ్మా! నాలుగేళ్ళ చదువు పోయింది!"

"నావల్లేనమ్మా," అన్నాడు క్లిఫ్టన్ తలొంచుకుని.

"నువ్వూరుకో," అంది వెర్లీన్. అతని చొక్కా మీది పీచు దులిపింది. కూతుర్ని దగ్గరికి లాక్కుంది. షవోన్ ఒక్క క్షణం బిగుసుకుపోయి, తర్వాత తల్లి భుజం మీద వాలిపోయింది. ఇంకో కోచ్ వస్తాడో రాడో వెర్లీన్‌కి తెలియదు. భయంగానే ఉంది.

సొరుగులోంచి ఫోటో తీసి, తన గౌను అంచుతోనే అద్దం తుడిచి, మేకుకి తగిలించింది.

"ఈసారి ఎవరొచ్చినా, తలుపు నువ్వే తియ్యి," అంది భర్తతో.