రెబెకా చేలో పచ్చ బోర్డు

తెల్లారి ఆరింటికే రెబెకా ఇంటి ముందు రెండు పొయ్యిలు మండుతున్నాయి. ఒకదాని మీద ఇంట్లోవాళ్లకు అన్నం, రెండోదాని మీద పురుగులకు కషాయం. ఆవు మూత్రంలో వేపాకు, పచ్చిమిరపకాయలు, వెల్లుల్లి, పొగాకు దంచి వేసి నాలుగు పొంగులు వచ్చేదాకా కాచాలి. ఆ ఘాటుకు వీధి చివరివాళ్లు కూడా తుమ్ముతారు.

“అన్నం మాడినా పట్టించుకోవు గానీ, దాని పక్కన మాత్రం పీట వేసుకుని కూచుంటావు,” అంది అత్త మగ్దలీనమ్మ గడపలో కాళ్లు చాపుకుని. “నీ మొగుడికి కూడా ఇంత మర్యాద జరగలేదు ఈ ఇంట్లో.”

“ఆయన్ని కనిపెట్టుకుని ఉండటానికి నువ్వున్నావు గదా అత్తా,” అంది రెబెకా. వేరే రోజయితే నవ్వుతూ అనేది. ఈ మధ్య నవ్వడానికి కూడా ఓపిక ఉండటం లేదు.

రాచర్లకు లోపలగా ఉన్న ఆ పల్లెకు ఏ పథకం వచ్చినా ముందు బోర్డు వస్తుంది. మట్టి పరీక్షలప్పుడు ఒక బోర్డు, డ్రిప్పు పైపులప్పుడు ఒక బోర్డు, పంట కుంటలప్పుడు ఇంకో బోర్డు. రైతు ఆదాయం పెంచుతామన్న వాళ్లంతా కార్లలో వచ్చి కార్లలోనే పోయారు. బోర్డులు కోళ్లగూళ్లకు తలుపులయ్యాయి. మూడేళ్ల కిందట ప్రకృతి వ్యవసాయం వచ్చినప్పుడు మాత్రం ఊళ్లో మనిషినే కార్యకర్తగా పెట్టారు. పదో తరగతి చదివి, నలుగురిలో నోరు విప్పగల రెబెకా ఆ మనిషయింది. కొట్లో కొనే డబ్బా మందులు మానేస్తే ఖర్చు తగ్గుతుంది, ఖర్చు తగ్గితే ఆదాయం పెరుగుతుంది అని ఇల్లిల్లూ తిరిగి చెప్పడం ఆమె పని. చెప్పీ చెప్పీ గొంతు అరిగిపోయింది. ఊళ్లో చేలన్నీ చూసే మనిషికి సొంత చేను చూసుకునే తీరిక లేకపోయింది. ఆ ఎకరం కంది చేనే ఆదర్శ క్షేత్రమని, ఆమె నవ్వుతున్న ఫొటో వేసి గట్టు మీద పచ్చ బోర్డు పాతారు. రేపు గురువారం జిల్లా నుంచి సారు దాన్ని చూడటానికి వస్తున్నాడు.

పొయ్యి ఆర్పుతుండగా కరుణమ్మ వచ్చింది. భర్త పోయిన మనిషి. రెబెకా మాట మీద కౌలు చేలో కంది వేసి, డబ్బా మందు ముట్టకుండా పెంచుతోంది. వచ్చీ రాగానే కొంగు ముడి విప్పి కంది కాయలు అరుగు మీద పోసింది. ప్రతి కాయకూ గుండ్రటి బొక్క ఉంది.

“తినేస్తున్నాయి రెబెకా. నువ్వు చెప్పినట్టే మూడు తడవలు కషాయం కొట్టినా. నీ చేలో చూస్తే ఒక్క పురుగు లేదు.”

“నీళ్లెక్కువ కలిపినావేమో వదినా. కొలత తప్పితే పనిచేయదు.”

“నువ్విచ్చిన మగ్గుతోనే కొలిచినా.”

“అయితే పొద్దెక్కినాక కొట్టినావేమో. చల్లపూట కొట్టాల.”

కరుణమ్మ ఒక కాయ ఒలిచి చూసింది. “మా మరిది డబ్బా మందు తెస్తానంటాడు. తెమ్మందునా?”

“వద్దొదినా. నా చేను చూసినావు గదా, నన్ను నమ్ము. కషాయం నేనే వడకట్టి ఇస్తా, ఇంకో తడవ కొట్టు.”

“నిన్ను నమ్మే గదా వేసినా,” అని కరుణమ్మ వెళ్లిపోయింది. గడపలో మగ్దలీనమ్మ కాళ్లు ముడుచుకుని అటు తిరిగి కూర్చుంది.

మొన్న కాచిన కషాయం కొట్టంలో చల్లారి ఉంది. వడకట్టడానికి పాత గుడ్డ కోసం వెతుకుతుంటే సంచుల వెనక కుక్కిన నీలం చొక్కా దొరికింది. భర్త ప్రభుదాస్‌ది. దులపబోయి ఆగిపోయింది. పురుగుల మందు వాసన. ఆ వాసన ఆమెకు కొత్త కాదు. పెళ్లికి ముందు మిరప చేలల్లో కూలికి పోయిన ఏడేళ్లూ ఆ వాసనతోనే సద్ది తినింది. దానికి దూరంగా బతకొచ్చనే ఈ పనికి ఒప్పుకుంది.

ఆదివారం గుర్తొచ్చింది. ఏనాడూ ఆరాధన తప్పని అత్త మోకాళ్ల నొప్పులని ఇంట్లోనే ఉండిపోయింది. ప్రభుదాస్ మేకలకు ఆకు తేవాలని చర్చికి రాలేదు. పల్లెంతా చర్చిలో ఉన్న ఆ రెండు గంటలు చేల దగ్గర మనిషన్నవాడు ఉండడు.

ఆకుమోపుతో వచ్చిన ప్రభుదాస్ ఆమె చేతిలో చొక్కా చూసి మోపు దించడం కూడా మరిచిపోయాడు.

“ఇది ఏంది?” అంది రెబెకా.

“ఆదివారం కొట్టినా,” అన్నాడు మెల్లగా. “పూత మీద పురుగు పడింది. నువ్వేమో మార్కాపురం మీటింగంటివి, సుశీలమ్మ చేనంటివి, అంకయ్య చేనంటివి. మన చేలో అడుగుపెట్టి పది దినాలైంది. నేనే నాలుగు రోజులు చూసి చూసి కొట్టినా.”

“నాకు చెప్పాల గదా.”

“చెప్తే కొట్టనిస్తావా?”

“కొట్టనియ్యను.”

“అందుకే చెప్పలేదు.”

అంత సూటిగా చెప్పినవాడి మీద కోపం నిలబెట్టుకోవడం కష్టం. రెబెకా నిలబెట్టుకుంది. “మూడేండ్లు ఇల్లిల్లూ తిరిగినా. వాకిట్లోనే నిలబెట్టి పంపినవాళ్లున్నారు. అయినా పోయినా. నా మాట తప్ప నాకేముంది ఈ ఊళ్లో? దాన్ని కూడా లేకుండా చేసినావు.”

“నీ మాట కోసమే కొట్టినా,” అన్నాడు ప్రభుదాస్. “ఆ బోర్డు మీద నీ ఫొటో ఉంది. పురుగు తిన్న చెట్ల ముందర నువ్వు నవ్వుతా నిలబడుంటే ఊరంతా ఏమనుకుంటాది? కూలికి పోయిన చోటల్లా నీ పెండ్లాం పేడనీళ్లతో పంట పండిస్తాదంట గదా అంటారు. మూడేండ్లు విన్నా. ఇంక వినలేకపోయినా.”

“వాడొక్కడినే అనొద్దమ్మా,” అంది మగ్దలీనమ్మ. “నీళ్లు మోసింది నేను. మోకాళ్ల నొప్పులని దేవుడికి కూడా అబద్ధం చెప్పినా.”

రెబెకా అరుగు మీద కూలబడింది. కరుణమ్మ పోసిన కాయలు అక్కడే ఉన్నాయి. “ఇప్పుడే వచ్చిపోయింది ఆమె. నీళ్లెక్కువ కలిపినావేమో అని నేనే అన్నా.”

సాయంత్రం కరుణమ్మ ఇంటికి పోయి చెప్పాలని బయలుదేరింది. వీధి మలుపు దాకా పోయి వెనక్కి వచ్చేసింది. రేపు ఒక్కరోజు గడిస్తే చాలు, తర్వాత చెబుదాంలే అనుకుంది. అలసిపోయిన మనిషికి రేపు ఎప్పుడూ సులువుగానే కనిపిస్తుంది.

గురువారం పది గంటలకు కారు వచ్చింది. సారు చెడ్డవాడు కాదు. పొద్దుటి నుంచి ఇది ఆయనకు మూడో ఊరు, చొక్కా వీపుకు అంటుకుపోయింది. ఆడవాళ్లంతా బోర్డు దగ్గర గుమిగూడారు. చేను చూసి సారు మెచ్చుకున్నాడు, ఫొటోలు తీశారు. రెండు గట్ల అవతల కరుణమ్మ చేను కూడా చూసి వచ్చి ఆమెను ముందుకు పిలిచాడు.

“ఇద్దరిదీ ఒకే నేల, ఒకే విత్తనం గదమ్మా. ఆమె చేను ఇట్లుంటే మీది అట్ల ఎందుకైంది? చెప్పింది చెప్పినట్టు పాటించాలి గదా.”

కరుణమ్మ భుజాల చుట్టూ కొంగు కప్పుకుని తలవంచుకుంది. “నాదే తప్పు సార్. నీళ్లెక్కువ కలిపినా.”

మగ్గుతో కొలిచిన మనిషి. రెబెకా నోట్లో మాట ఆమె నోట్లో నేరమై కూర్చుంది.

“ఆమె తప్పేం లేదు సార్,” అంది రెబెకా. “ఆమె చెప్పినట్టే చేసింది. నా చేలోనే డబ్బా మందు కొట్టినాం.”

వెనక నుంచి ప్రభుదాస్ ముందుకు వచ్చాడు. “కొట్టింది నేను సార్. ఆమెకు తెలీదు.”

“నిన్న తెలిసింది,” అంది రెబెకా. “నిన్ననే చెప్పాల. చెప్పలేదు.”

ఫొటోలు తీస్తున్న మనిషి ఫోను దించేశాడు. సారు నుదురు తుడుచుకున్నాడు. “పక్కకు పిలిచి చెప్పొచ్చు గదమ్మా ఈ మాట.”

“ఆమె అందరి ముందరే తప్పు ఒప్పుకుంది గదా సార్.”

సారు బోర్డు వైపు చూశాడు. “బోర్డు తీసేయాలమ్మా. మీ సంగతి పైకి రాయాలి. ఏమవుతుందో నేను చెప్పలేను.” కారు వెళ్లిపోయింది.

కరుణమ్మ రెబెకా ముందు నిలబడింది. తిట్టినా బాగుండేది. “మూడు రోజులుగా నాకు నిద్ర లేదు. చేను పోతాదని కాదు. నాకే చేతగాలేదని,” అనేసి గట్టు దిగి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నం ఇంట్లో ఎవరూ అన్నం పెట్టమని అడగలేదు. మగ్దలీనమ్మ కోడలి పక్కన వచ్చి కూచుంది. “నా చిన్నప్పుడు ఈ మందులు యాడివి? కంది చెట్లు దులిపేవాళ్లం. తెల్లవారుజామున పురుగు చలికి ముడుచుకోనుంటాది. కింద చీర పరిచి కొమ్మ దులిపితే రాలిపడతాది. మనుషులుండాల అంతే. ఒకరితో అయ్యే పని కాదది.”

“ఇన్నాళ్లూ చెప్పలేదేం అత్తా?”

“ఊరికంతా చెప్పటమే గానీ, నన్ను ఏనాడన్నా అడిగినావా?”

సారు కరుణమ్మను తప్పుపడుతూ అడిగినట్టే రెబెకా కూడా అడిగింది. అత్తనయితే అసలు అడగనే లేదు. కళ్లలో నీళ్లు తిరిగాయి. ముసలామె చూసీ చూడనట్టు లేచి పెట్టెలోంచి పాత చీరలు తీసింది.

శుక్రవారం తెలతెలవారుతుండగానే ముగ్గురూ కరుణమ్మ చేలోకి దిగారు. మగ్దలీనమ్మ తన నాలుగు కోళ్లను గంపలో పెట్టి తెచ్చింది. ప్రభుదాస్ పీకేసిన పచ్చ బోర్డు నెత్తిన మోసుకొచ్చి చెట్ల కింద వెల్లకిలా పరిచాడు. కొమ్మ దులిపితే పురుగులు టపటపా రాలి రెబెకా నవ్వుమొహం మీద పడ్డాయి. కోళ్లు ఆ మొహాన్నే పొడుచుకు తిన్నాయి.

“మూడేండ్లలో ఇప్పుడు పనికొచ్చింది బోర్డు,” అంది మగ్దలీనమ్మ. ప్రభుదాస్ భయంగా పెళ్లాం వైపు చూశాడు. రెబెకా నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది.

మొదటి సాలు సగమయ్యేసరికి గట్టు మీద కరుణమ్మ కనిపించింది. ఎంతసేపటి నుంచి నిలబడిందో తెలియదు. పరిచే పాత చీర ఒక కొస రెబెకా పట్టుకుని ఉంది. రెండో కొస కొమ్మకు చిక్కుకుని చినిగేలా ఉంది. ఈ చేలో సగం పంటయినా నిలుస్తుందో లేదో ఎవరూ చెప్పలేరు.

“వదినా,” అంది రెబెకా. “నిన్ను నమ్మకుండా మాట్లాడినా. నన్ను క్షమించు.”

కరుణమ్మ మెల్లగా గట్టు దిగి వచ్చింది.

“దీనికైనా కొలతలు లేవు గదా?” అంది.

“లేవొదినా. మనుషులుండాలంట, అంతే.”

కరుణమ్మ కొమ్మకు చిక్కుకున్న చీర కొస జాగ్రత్తగా విడిపించి, రెండు చేతులా పట్టుకుంది.